రాలేదు

మోకాలు ఎంత వంగుతుందో కొలవడానికి రెండు నిమిషాలు పట్టదు. మనిషిని బల్ల ఎక్కించడానికి, బట్ట పైకి మడవడానికి, "ఏం నొప్పెట్టదు, నేను పట్టుకున్నాగా" అని నచ్చజెప్పడానికి మాత్రం పావుగంట పడుతుంది. సోమవారం సాయంత్రానికి అలాంటి పావుగంటలు పదహారు గడిచాయి. ఆఖరి మనిషిని బల్ల దింపి, చేతికర్ర అందించి, తలుపు దాకా సాగనంపి వచ్చి కొలతలక్క కుర్చీలో కూలబడింది. పొద్దున్నుంచి వంగి వంగి నడుము కొయ్యబారిపోయింది.

ఆసుపత్రిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. ఎముకల విభాగంలో ఫిజియోథెరపీ చేసే మనిషి. పెద్ద డాక్టరు గారి పరిశోధనకి మోకాళ్లు కొలిచే పని కూడా నెత్తిన పడ్డాక, నర్సుల దగ్గర్నుంచి గేటు దగ్గర మనిషి దాకా అందరికీ కొలతలక్క అయిపోయింది. ఆ పరిశోధన సంగతి ఇదీ. అరిగిపోయిన మోకాలి కీలు తీసి కొత్తది పెట్టేటప్పుడు అందరి ఎముకనీ ఒకే తిన్నటి గీతకి కోయడం పాత పద్ధతి. ఎవరి కాలికి సహజంగా ఉన్న వాలుని బట్టి వాళ్లకి కోయడం కొత్త పద్ధతి. నూట ఇరవై మందిలో సగం మందికి అలా, సగం మందికి ఇలా చేశారు. ఎవరికి ఏది చేశారో కొలిచే మనిషికి తెలియకూడదు. ఏడాది నిండాక ఎవరి కాలు ఎంత వంగిందో కొలిచి రాయడం వరకే ఆమె పని.

ఆ కొలతలన్నీ కూడి, భాగించి, గీతలు గీసే లెక్కలమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. చేతిలో ఒకే ఒక కాయితం. నూట పదకొండు మంది వచ్చారనీ, తొమ్మిది మంది మిగిలారనీ చెప్పింది.

"మూడేసి సార్లు ఫోన్ చెయ్యండక్కా. అప్పటికీ రాకపోతే 'రాలేదు' అని రాసేయండి. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఫైలు మూసేస్తాను."

కొలతలక్క కళ్లజోడు తుడుచుకుని ఫోన్ దగ్గరికి లాక్కుంది. ముగ్గురి నంబర్లు పనిచెయ్యడం లేదు. ఒకాయన గుండెపోటుతో పోయి నాలుగు నెలలైందని వాళ్ల తమ్ముడు చెప్పాడు. నలుగురు రేపు మాపు అన్నారు. వస్తామన్న మాటలో రాబోమన్న సంగతి ఆమెకి స్పష్టంగానే వినిపించింది. ప్రతి పేరుకీ ఎదురుగా తారీఖు వేసుకుంటూ పోయింది. తొమ్మిదో పేరు ఒక దర్జీ ఆమెది, అరవై మూడేళ్లు. ఫోన్ కోడలు ఎత్తింది.

"మా అత్తయ్య రాలేదండీ."

"రాలేదనే కదమ్మా చేస్తున్నాను. ఎందుకు రాలేదు?"

"అది కాదండీ. రాలేదు. బస్సు ఎక్కలేదు. కాలు మడవదు."

కొలతలక్క కలం అప్పటికే కాయితం మీద ఆని ఉంది. 'రా' అని రాసింది కూడా. అక్కడ ఆగింది. ఇన్నాళ్లుగా తను రాసిన 'రాలేదు'లకి అర్థం ఏమిటో ఎవరూ అడగలేదు. మనసు లేక రాలేదా, శక్తి లేక రాలేదా? కాయితానికి రెండూ ఒకటే.

ఇంటికి వెళ్లేసరికి ఆమె భర్త చేతులకి అంటిన నల్ల నూనె సబ్బుతో కడుక్కుంటున్నాడు. బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. బస్సు మెట్టు ఎంతెత్తు ఉంటుందని ఆమె అడిగితే, ఇంతకాలం కాపురంలో తన పని గురించి అడిగిన మొదటి ప్రశ్న ఇదేనని వేళాకోళం ఆడాడు. ఆమె నవ్వలేదు. ఆయన తడిచెయ్యి తుడుచుకుని గోడ మీద ఒకచోట వేలు పెట్టి చూపించాడు. మోకాలి చిప్పకి కాస్త కింద.

"ఏదీ, అంత ఎత్తుకి కాలు పెట్టండి."

ఆయన కుర్చీ అడ్డకర్ర మీద కాలు పెట్టి, కొంగలా ఒంటికాలి మీద ఊగుతూ నిలబడ్డాడు. ఆమె సంచిలోంచి రెండు చేతుల ప్లాస్టిక్ స్కేలు తీసి ఆయన మోకాలికి పక్కగా ఆనించింది. తొంభై దాటింది.

"పాసా, ఫెయిలా?" అన్నాడు.

ఆమె స్కేలు మడవబోయి ఆగింది. తన గదికి వచ్చిన నూట పదకొండు మందీ ఆ మెట్టు ఎక్కి వచ్చినవాళ్లే అన్న సంగతి అప్పుడు తట్టింది. ఎక్కలేనివాళ్లు ఇంట్లో ఉండిపోయారు. వాళ్లని వదిలేసి తీసిన లెక్క ఎంత బాగుంటే మాత్రం ఏం?

మంగళవారం డ్యూటీ దిగాక ఆమె ఇంటికి పోలేదు. ముందు, రేపు మాపు అన్న నలుగురిలో ఒకడైన రంగులాయన్ని వెతుక్కుంటూ వెళ్లింది. ఇంటి దగ్గర లేడు, పని మీద ఉన్నాడన్నారు. రెండు వీధుల అవతల, కొత్తగా కట్టిన మేడకి వేసిన పరంజా మీద, రెండో అంతస్తులో బ్రష్షు ఊపుతూ కనిపించాడు. పిలిస్తే చకచకా దిగొచ్చాడు. ఏడాది కిందట కీలు మార్పించుకున్న మనిషని చెబితే ఎవరూ నమ్మరు.

"కాలు బ్రహ్మాండంగా ఉందమ్మా. బాగున్నదాన్ని చూపించుకోడానికి ఒక పూట పని ఎందుకు మానుకోవాలి?"

ఆమె ఉసూరుమంది. రాత్రంతా మనసులో కట్టుకున్న వాదాన్ని ఆ మనిషి నిచ్చెన దిగి వచ్చి ఒక్క తాపు తన్నాడు. అయినా ఎందుకో తేలిగ్గా కూడా అనిపించింది. శుక్రవారం పదకొండున్నరకి రమ్మని ప్రాధేయపడింది. సైకిలేసుకుని వస్తానన్నాడు.

దర్జీ ఆమె ఇల్లు పొడుగాటి సందులో చివర. గుమ్మానికి ముందు మూడు మెట్లు. ముందు గదిలో కిటికీ కింద కుట్టుమిషను, దాని వెనక ఎత్తు పీట మీద ఆమె. కొలతలక్క గుమ్మంలో నిలబడి కాసేపు చూస్తూ ఉండిపోయింది. మామూలుగా ఎవరైనా రెండు పాదాలతో తొక్కే మిషనుని ఆమె ఒక్క ఎడమ కాలితో తొక్కుతోంది. కుడికాలు బల్ల పక్కనుంచి కర్రదుంగలా తిన్నగా చాపి ఉంది. దాటేవాళ్లకి అడ్డం రాకుండా దాని ముందు ఒక చిన్న స్టూలు పెట్టారు. ఒంటికాలి తొక్కుడికి కుట్టు ఆగి ఆగి పడుతోంది. వంకరపోయినచోట ఆమె విప్పి మళ్లీ కుడుతోంది.

కొలతలక్క తను ఫలానా అని చెప్పుకుంది. కోడలు మంచం మీది గుడ్డ ముక్కలు పక్కకి నెట్టి అత్తగారిని పడుకోబెట్టింది. తొడ పక్కన స్కేలు ఒక చెయ్యి, చీలమండ వైపు రెండో చెయ్యి. మడమ పట్టుకుని మెల్లగా వంచుకుంటూ పోయింది. అరవై దాటగానే కాలు ఆగిపోయింది. నొప్పికి ఆగిన కాలు వేరు, అది చేతిలో వణుకుతుంది. ఇది అలా కాదు, గోడకి తగిలినట్టు ఆగింది.

"అరవై నాలుగు," అంది కొలతలక్క, తనలో తను అనుకుంటున్నట్టు.

"వందకా?" అని అడిగింది దర్జీ ఆమె.

కోడలికి నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. ముసలామె మాత్రం సీరియస్‌గానే అడిగింది. మంచం మీద లేచి కూచుని, కాలు చేత్తో ఎత్తి కింద పెట్టుకుంటూ, మొదటి నెల నుంచీ ఇలాగే ఉందని చెప్పుకొచ్చింది. మూడో నెలలో ఆసుపత్రి నుంచి ఒకావిడ ఫోన్ చేసిందట. కాలు మడవడం లేదమ్మా అంటే, 'వచ్చి చూపించుకోండి' అందట. మర్నాడూ, ఆ తర్వాత రోజూ కోడలి భుజం పట్టుకుని బస్సు స్టాపు దాకా పోయింది. మొదటి రోజు కండక్టరు పైనుంచి చెయ్యి అందించాడు గానీ కాలు మెట్టు మీదికి లేవలేదు. రెండో రోజు బస్సు ఆగినట్టే ఆగి కదిలిపోయింది.

"ఆ ఫోనావిడ మళ్లీ చేస్తుందేమో, సంగతి చెబుదామని చూశాను. చెయ్యలేదు," అంది.

కొలతలక్క స్కేలు సంచిలో పెట్టుకుంది. టీ తాగి వెళ్లమంటే పనుందని లేచింది. తిరిగి వెళ్లేదారిలో ఆసుపత్రిలోకి దూరి, తన గది తాళం తీసి, పాత రిజిస్టరు బయటికి లాగింది. మూడో నెల. దర్జీ ఆమె పేరు. ఎదురుగా 'ఫోన్ చేశాం. పేషెంటు రాలేదు'. గుండ్రటి అక్షరాలు. తనవే. ఆ ఫోన్ ఆమెకి గుర్తు కూడా లేదు.

బుధవారం మిగిలిన ముగ్గురినీ చూసొచ్చింది. ఒకామె కాలు చక్కగా ఉంది గానీ, మంచం పట్టిన భర్తని విడిచి గడప దాటలేని పరిస్థితి. మిగతా ఇద్దరిలో ఒకరు గోడౌను కాపలా తాత, ఒకరు హాస్టల్లో వంట చేసి మానేసిన ఆమె. ఇద్దరి మోకాళ్లూ డెబ్భై దాటి నాలుగు గీతలు పోలేదు. తాత మాత్రం బస్సులో ఏముంది, పడుకుని ఎక్కే బస్సు ఉంటే చెప్పమన్నాడు.

పెద్ద డాక్టరు ఆ రోజు నాలుగో ఆపరేషన్ ముగించుకుని, తలకి టోపీ అలాగే ఉండగా, వరండాలో నిలబడి మెడ రుద్దుకుంటున్నాడు. కళ్ల కింద నల్లటి చారలు. కొలతలక్క ఇళ్లలో కొలిచిన నలుగురి కొలతలు రాసిన కాయితం అందించింది. ఆయన ఓపిగ్గానే చదివాడు. చదివి తిరిగి ఇచ్చేశాడు.

"ఇళ్లలో కొలిచినవి పనికిరావండీ. మంచం కుంగుతుంది, కోణం మారుతుంది. అందరినీ అదే బల్ల మీద, అదే గదిలో కొలవాలని మొదట్లోనే రాసుకున్నాం. ఆ రూలు ఇప్పుడు మారిస్తే మొత్తం పరిశోధనే చెల్లదు."

"వాళ్లు రాలేరు సార్."

"శుక్రవారం పన్నెండు లోపు వస్తే కొలవండి. లేకపోతే రాలేదనే రాయాలి. నేను మాత్రం ఏం చెయ్యను?"

విసుక్కోలేదు. అలసిపోయిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడి, ఐదో ఆపరేషన్‌కి లోపలికి వెళ్లిపోయాడు. ఆమె అక్కడే నిలబడి కాయితం నాలుగు మడతలు పెట్టింది. కొత్త పద్ధతి ఆయన కన్న బిడ్డలాంటిది. దాంట్లో లోపాలు బయటపడతాయనే రూలు అడ్డం పెట్టుకుంటున్నాడని ఆమెకి అనుమానం. అనుమానం కాదు, దాదాపు నమ్మకం. అలా నమ్మడంలో ఒక సుఖం కూడా ఉంది. తన గుండ్రటి అక్షరాలు కాసేపు కంటి ముందు నుంచి తప్పుకుంటాయి.

గురువారమంతా ఆమె బండి కోసం తిరిగింది. అంబులెన్సు ప్రాణం మీదికి వచ్చినవాళ్లకే అన్నారు. ఆఫీసులో అర్జీ పెట్టుకోమన్నారు, వారం పడుతుందన్నారు. సాయంత్రం గోడవారగా కూచుని నీళ్లు తాగుతుంటే, మాసిన దుప్పట్లు లాండ్రీకి తీసుకుపోయే వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు వెనక తలుపు తీసి, మూటలు దొర్లించే చెక్కపలక కిందికి దించాడు. నేల నుంచి వ్యానులోకి వాలుగా, మెట్టన్నది లేకుండా. ఆమె గ్లాసు కింద పెట్టి లేచింది.

డ్రైవరుకి తల్లి ఉంది, తల్లికి మోకాళ్లున్నాయి. పెద్దగా బతిమాలించుకోలేదు. మూటలు దించాక పదిన్నరకి వ్యాను ఖాళీ అనీ, దుప్పట్ల కంపు మాత్రం తన చేతిలో లేదనీ చెప్పాడు.

శుక్రవారం పదకొండు దాటాక వ్యాను ఎముకల విభాగం వెనక వాకిట్లో ఆగింది. చెక్కపలక మీదుగా ముందు కాపలా తాత, తర్వాత వంటామె, చివర కోడలి భుజం మీద చెయ్యి వేసి దర్జీ ఆమె దిగారు. దుప్పటి మూటల్లా వచ్చాం, ఉతికి ఆరేసి పంపుతారా అని తాత అడిగితే గేటు మనిషి కూడా నవ్వాడు. మంచం పట్టిన భర్త ఉన్నామె రాలేదు. రంగులాయన సైకిలు గోడకి ఆనించి అప్పటికే బెంచీ మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు.

లెక్కలమ్మాయి పెద్ద డాక్టరుకి కబురు చేసినట్టుంది. పదకొండున్నరకి ఆయన గదిలోకి వచ్చి గోడకి ఆనుకున్నాడు. రంగులాయన ఒక్క గంతులో బల్లెక్కాడు. నూట ఇరవై ఎనిమిది. డాక్టరు ముఖంలో అలసట కాస్త సడలింది. తాతది డెబ్భై ఒకటి. వంటామెది డెబ్భై నాలుగు. దర్జీ ఆమె వంతు వచ్చేసరికి ఆయన గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చాడు. అరవై నాలుగు అని కొలతలక్క చెప్పగానే మళ్లీ కొలవమన్నాడు. కొలిచింది. అరవై నాలుగే.

ఆయన స్టూలు లాక్కుని కూచుని, తనే ఆమె మడమ అరచేతిలో పెట్టుకున్నాడు. మెల్లగా వంచాడు. ఆగింది. కళ్లు మూసుకుని ఇంకోసారి వంచాడు. ఆ గోడ ఆయన చేతికి కూడా తగిలింది. స్కేలు తీసుకుని, గీత మీదికి వంగి చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"అరవై నాలుగు. రాయండి."

తర్వాత ఆమెకి విషయం విప్పి చెప్పాడు. కొత్త కీలు బాగానే ఉందనీ, దాని చుట్టూ లోపలి గాయం మానేటప్పుడు కండ తోలులా బిరుసెక్కి అతుక్కుపోయిందనీ అన్నాడు. తొలి రోజుల్లో అయితే మత్తిచ్చి, కాలు వంచి, ఆ అతుకు వదిలించేవాళ్లం. ఐదు నిమిషాల పని, కత్తితో పనిలేదు. ఇప్పుడు మళ్లీ తెరిచి కోసి తియ్యాలి. అప్పటికీ ఎంత వంగుతుందో మాట ఇవ్వలేనన్నాడు.

దర్జీ ఆమె అంతా విన్నది.

"తొలి రోజులంటే ఎన్నాళ్లు బాబూ?"

"రెండు మూడు నెలల్లోపు."

"మూడో నెలలో ఫోనొచ్చింది. చెప్పాను."

డాక్టరు రిజిస్టరు అందుకుని పేజీలు తిప్పాడు. ఒకచోట వేలు ఆగింది. ఆయన తలెత్తలేదు. ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో ఆయనకి తెలుసు. అడగడం లేదంతే. మాట్లాడకుండా ఊరుకుంటే ఈ పూట గడిచిపోతుందని కొలతలక్కకి అర్థమైంది. పన్నెండింటికి ఫైలు కూడా మూసేస్తారు.

"ఆ ఫోన్ చేసింది నేనే సార్," అంది. "కాలు మడవడం లేదని ఆమె నాకు చెప్పింది. వచ్చారా, రాలేదా అని రెండే గళ్లున్నాయి. రాలేదని రాసి ఇంకో నంబరుకి వెళ్లిపోయాను."

దర్జీ ఆమె తల తిప్పి ఆమె వంక చూసింది. మంగళవారం తన మంచం మీద కూచున్న మనిషిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"అప్పుడే నువ్వొచ్చుంటే వంగేదా?"

'ఏమో' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. తప్పేమీ కాదు కూడా, వైద్యంలో ఎవరూ ఏదీ ఖాయంగా చెప్పలేరు. కొలతలక్క ఆ మాటని మింగేసింది.

"వంగేది పిన్నీ. మిషను తొక్కేటంత వంగేది."

ముసలామె పైకి మడిచిన బట్టని చీలమండ దాకా లాక్కుని, మడతలు అరచేత్తో సాపు చేసుకుంది.

"పట్టుకో," అంది చివరికి. "దిగాలి."

కొలతలక్క ఆమె చంకలో చెయ్యి వేసి దింపింది.

పన్నెండింటికి లెక్కలమ్మాయి నాలుగు కొలతలూ ఎక్కించి ఫైలు మూసింది. ఇక దాపరికం అక్కర్లేదు కాబట్టి ఎవరికి ఏ పద్ధతో తెలిపే కవరు చించింది. కొలతలక్క ఆమె భుజం మీదుగా చూస్తోంది. రంగులాయనకి కొత్త పద్ధతి. తాతకి కొత్తది. వంటామెకి పాతది. దర్జీ ఆమెకీ పాతదే.

ఆమె ఇంకోసారి చదివింది. నలుగురిని కలిపాక రెండు గుంపుల లెక్కా కాస్త కిందికి జారింది, మధ్యన ఉన్న కొద్దిపాటి తేడా దాదాపు ఉన్నచోటే ఉందని లెక్కలమ్మాయి చెబుతోంది. అంటే వీళ్లు రాకపోతే డాక్టరుకి ఒరిగేదీ లేదు, వస్తే పోయేదీ లేదు. ఆయన దాచిందేమీ లేదు. చూడలేదంతే. తను చూడనట్టే. రెండు రోజులుగా ఆయన మీద పెట్టుకున్న కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

పెద్ద డాక్టరు అదే గదిలో మూల బల్ల దగ్గర నిలబడి, పరిశోధనతో సంబంధం లేని మామూలు ఆపరేషన్ల రిజిస్టరు తిరగేస్తున్నాడు. ఈ మూడు నెలల్లో కీలు మార్పించుకుని, తర్వాత 'రాలేదు' అని ఉన్న పేర్లని ఒక చీటీ మీద రాస్తున్నాడు. ఆరు పేర్లయ్యాయి. చీటీని ఆమె చేతికి ఇచ్చాడు.

"వీళ్లకింకా టైముంది," అన్నాడు. "బండి సంగతి నేను ఆఫీసులో మాట్లాడతాను."

అంతలో ఆపరేషన్ గది నుంచి పిలుపొచ్చింది.

వాకిట్లో వ్యాను బయల్దేరబోతోంది. మధ్యాహ్నం బల్ల మీదికి ఇంకా ఎనిమిది మంది ఉన్నారు. పక్క గది ఫిజియో అమ్మాయిని గంటసేపు చూసుకోమని చెప్పి కొలతలక్క వెనక ఎక్కి కూచుంది. తాతనీ, వంటామెనీ వాళ్ల ఇళ్ల దగ్గర దించారు. దారి పొడుగునా దర్జీ ఆమె ముఖం బయటికి పెట్టుకునే ఉంది. కోడలు ఇద్దరి మధ్యా కూచుని, ఎటు చూడాలో తెలియక గోళ్లు చూసుకుంది.

ఇంటి ముందు మూడు మెట్లు. కోడలు తాళం తియ్యడానికి ముందు వెళ్లింది. దర్జీ ఆమె మొదటి మెట్టు దగ్గర ఆగి, పక్కనున్న భుజం మీద చెయ్యి వేసింది. వేసి, తన బరువంతా మోపింది. కొలతలక్క నడుములో కలుక్కుమంది. పళ్ల బిగువున నిలబడింది. ఎడమ కాలు పైకి, తర్వాత కుడికాలు పక్కనుంచి చుట్టి తెచ్చి దాని పక్కకి. మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి పీల్చుకున్నారు, ఇద్దరూ.

పైన ముసలామె చెయ్యి తీసేసి, గోడ పట్టుకుని లోపలికి పోయింది. వెనక్కి చూడలేదు. కొలతలక్క గడప బయటే ఉండిపోయింది. వెళ్తానని చెప్పాలో, చెప్పకుండా వెళ్లాలో తోచలేదు. సందు చివర డ్రైవరు హారన్ మోగించాడు. లోపల పీట జరిగిన చప్పుడు, గుడ్డ ముక్కలు తోసిన చప్పుడు.

"బండిని పొమ్మను," అంది లోపలి గొంతు. "ఆ మళ్లీ కోసేది ఏమిటో ఇంకోసారి చెప్పు. డాక్టరు తొందరగా చెప్పేశాడు, సగం అర్థం కాలేదు. లోపలికొచ్చి కూచుని చెప్పు."